చలికాలంలో పెరట్లో గినీ పిగ్స్: గూడు వెచ్చగా ఉంచడం ఎలా?

మాది ఆదిలాబాద్ వైపు. దీపావళి దాటిందంటే రాత్రిళ్లు ఇగం మొదలవుతుంది, డిసెంబర్, జనవరిలో ఉత్తరం నుంచి చలిగాలులు దిగిన వారంలో తెల్లవారుజామున 5, 6 డిగ్రీలు కూడా చూస్తాం. అదే రోజు మధ్యాహ్నం మళ్లీ 27, 28. పెరట్లో గినీ పిగ్స్ పెంచేవాళ్లకు అసలు తలనొప్పి ఈ తేడాతోనే. ఆన్‌లైన్‌లో దొరికే సలహాలు చాలావరకు ఇంగ్లండ్ లాంటి చోట్ల పెంచేవాళ్లు రాసినవి. అక్కడ పగలు కూడా చలే కాబట్టి గూడు ఒకసారి కప్పితే రోజుల తరబడి అలాగే ఉంచుతారు. మన దగ్గర అలా కప్పి వదిలేస్తే మధ్యాహ్నానికి లోపల ఉక్క, సాయంత్రానికి చెమ్మ, రాత్రికి ఆ చెమ్మ మీద చలి.

మొదటి చలికాలం నేను చేసింది అదే. నీలం టార్పాలిన్ తెచ్చి గూటికి నాలుగు వైపులా సందు లేకుండా చుట్టి, కింద ఇటుకలు బరువు పెట్టి, ఇక వెచ్చగా పడుకుంటాయిలే అనుకున్నాను. మూడో రోజు పొద్దున పట్టా ఎత్తితే లోపలి వైపు మొత్తం నీటిబొట్లు, అన్నం గిన్నె మూత తీసినట్టు. మూత్రం ఘాటు కళ్లలోకి కొట్టింది. రెండింటిలో చిన్నది, మేం బెల్లం అని పిలిచే గోధుమరంగుది, మూలన ముడుచుకుని కూర్చుంది, ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా టిక్ టిక్ మని చప్పుడు. చలి తగలకూడదని చేసిన పనే దాని ఊపిరితిత్తుల మీదకు వచ్చింది. మూడు వారాల మందుతో బతికింది కానీ ఆ చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేను.

అప్పటినుంచి నాకు తెలిసొచ్చింది ఒకటే. గూటికి మనం వేడి పెట్టక్కర్లేదు. గినీ పిగ్ ఒంటి వేడి 38, 39 డిగ్రీల దగ్గర ఉంటుంది, అదే దాని కుంపటి. ఆ వేడి బయటికి పోకుండా, గాలి మాత్రం ఆడేలా, ఒంటికి తడి తగలకుండా చూస్తే చాలావరకు పని అయిపోయినట్టే. కింద చెప్పేదంతా దీనికోసమే.

ముందు తేల్చుకోవాల్సింది: బయటా, లోపలా?

అమ్మినాయన నాతో "ఇవి కొండ జంతువులు సార్, చలి వాటికి లెక్క లేదు" అన్నాడు. కొండ జంతువులే, ఆండీస్ కొండలవి, నిజమే. కానీ పెరూ, బొలీవియాలో కూయ్ అని పిలిచి వీటిని వేల ఏళ్లుగా పెంచుతున్న పల్లెవాళ్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో వంటింట్లోనే, పొయ్యి వెచ్చదనంలోనే తిరగనిస్తారు. అడవిలో ఉండే వాటి చుట్టాలైనా పొదల్లో, బొరియల్లో తలదాచుకుంటాయి. చలిలో ఆరుబయట పడి ఉండే జంతువు కాదిది.

వీటికి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. 15 కంటే తగ్గితే జాగ్రత్త మొదలుపెట్టాలి. రాత్రి 10 కంటే కిందికి పోతుందని తెలిస్తే నేనైతే ఆలోచించను, సాయంత్రమే లోపలికి తెచ్చేస్తాను. హైదరాబాద్ నగరం మధ్యలో మిద్దె మీదో బాల్కనీలోనో పెంచేవాళ్లకు ఈ అవసరం ఏడాదిలో కొన్ని రాత్రులే పడొచ్చు, అదే పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి శివార్లలో ఎక్కువే పడుతుంది. లంబసింగి, చింతపల్లి, అరకు వైపు ఉండేవాళ్లు మాత్రం చలికాలం రెండు మూడు నెలలు వీటిని ఇంట్లోనే ఉంచండి, ఎంత మంచి గూడు కట్టినా సరే.

కొన్నింటిని ఊరితో పని లేకుండా లోపలే పెట్టాలి. పుట్టి రెండు మూడు నెలలు కానివి, ముసలివి, కడుపుతో ఉన్నవి, జబ్బు చేసి లేచినవి, ఒంటి మీద బొచ్చు లేని స్కిన్నీ రకం. ఒంటరిగా ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే ఇవి ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చబడే జంతువులు, ఒక్కటే ఉంటే ఆనుకోవడానికి ఏముంది? జతకు ఇంకోటి తెద్దామనుకుంటే రెండూ ఆడవే అయ్యేలా చూసుకోండి, షాపువాళ్లు చెప్పింది నమ్మకుండా డాక్టర్‌కు చూపించి. ఆడా మగా కలిపితే రెండు నెలలు తిరిగేసరికి పిల్లలు, అదీ నడి చలికాలంలో.

ఒక థర్మామీటర్ కొనండి. రాత్రి కనిష్ఠం ఎంతకు పోయిందో గుర్తుపెట్టుకునే డిజిటల్ రకం కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. గినీ పిగ్స్ పళ్లు పెట్టలేని చోట, అవి పడుకునే ఎత్తులోనే కట్టండి. ఫోన్‌లో చూపించే డిగ్రీలు మీ పెరటివి కావు. మా ఇంట్లోనే బావి పక్కన ఉన్న మూలకు, గోడ పక్కన ఉన్న చోటుకు రెండు డిగ్రీల తేడా ఉంది.

మొదటి అడుగు: గూడు పెట్టే చోటు

నేల మీద పెట్టొద్దు. రాత్రి చలి, చెమ్మ రెండూ నేల నుంచే పైకి వస్తాయి. ఇటుకలో, సిమెంటు దిమ్మెలో పేర్చి కనీసం అడుగు ఎత్తులో ఉంచాలి, పందికొక్కులు కింద కాపురం పెట్టకుండా అడుగుభాగం ఊడ్చేందుకు వీలుగా కూడా ఉంటుంది. మన వైపు చలికాలపు గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి గూటి వీపు ఆ దిక్కుకు, ముఖం తూర్పుకో దక్షిణానికో ఉంటే పొద్దుటి ఎండ నేరుగా లోపలికి పడుతుంది. ఇంటి గోడకు ఆనించి పెడితే ఇంకా మంచిది, పగలంతా ఎండకు కాగిన గోడ రాత్రి చాలాసేపటి వరకు వెచ్చదనం వదులుతూ ఉంటుంది. మిద్దె మీద అయితే నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం వద్దు, అక్కడ ఎప్పుడూ తడే.

జాలీ గట్టిది వేయండి, వెల్డ్‌మెష్, అర అంగుళం కన్నాలది. మామూలు కోళ్ల జాలీని కుక్క చింపేస్తుంది, పాము దూరుతుంది. చలికాలంలో పిల్లులు కూడా వెచ్చటి చోటు వెతుక్కుంటూ గూటి మీదకు ఎక్కుతాయి. అవి లోపలికి రాలేకపోయినా ఆ భయానికే ఇవి రాత్రంతా తినడం మానేస్తాయి.

రెండో అడుగు: కప్పడం, విప్పడం

పైకప్పు మీద టార్పాలిన్ వేసి వెనక, పక్కల రెండు వైపులా కిందిదాకా దించండి. ముందు వైపు మాత్రం పరదాలా పైనుంచి వేలాడాలి, రాత్రి దించేది, పొద్దున చుట్టి పైకి కట్టేది. దించినప్పుడు కూడా పై అంచున రెండు వేళ్ల సందు వదలాలి. వాటి ఊపిరి నుంచి వచ్చే ఆవిరి, మూత్రం నుంచి లేచే అమ్మోనియా పైకే పోతాయి, వాటికి దారి అదే. సందు పైన ఉంటుంది, అవి కింద పడుకుంటాయి కాబట్టి గాలి నేరుగా ఒంటికి కొట్టదు.

పట్టాకు, గూటికి మధ్య గోనె సంచులు రెండు పొరలుగా వేయొచ్చు. గోనె మాత్రం బయటి వైపు ఉండకూడదు, మంచుకు తడిసి రాత్రంతా చల్లటి తడిగుడ్డలా గూటిని అంటుకుని ఉంటుంది. థర్మాకోల్ షీట్లు దొరికితే అవీ మంచివే, గూటి బయటి గోడకు మాత్రమే, గినీ పిగ్స్ కొరకలేని చోట.

మంచు విడిచి ఎండ పడగానే, మా దగ్గర ఎనిమిది ఎనిమిదిన్నరకు, అన్నీ విప్పేయండి. సాయంత్రం ఐదు, ఐదున్నరకే మళ్లీ దించండి. పగలు పోగైన వెచ్చదనం పోకముందే మూయాలి, చలి పుట్టాక మూస్తే చలినే లోపల పెట్టి మూసినట్టు. ఈ రెండు పూటల పని మర్చిపోయే ఇల్లయితే గూడు బయట ఉంచకపోవడమే మంచిది. గూట్లో ఉష్ణోగ్రత 27 దాటితే వీటికి చలికంటే పెద్ద ప్రమాదం, పట్టా కింద మధ్యాహ్నం అది అవలీలగా దాటుతుంది.

మూడో అడుగు: పడక పెట్టె

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. పెద్ద గూడును వెచ్చబెట్టడం వాటి తరం కాదు. లోపల ఇంకో చిన్న పెట్టె ఉండాలి. రెండింటికైతే అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోపు ఎత్తు చాలు. రెండూ ఒరుసుకుని పడుకునేంత, అంతే. పెద్దదైతే వాటి వేడి అందులో పల్చబడిపోతుంది. చెక్కదైతే మేలు, పండ్ల మార్కెట్లో దొరికే చెక్క పెట్టె మేకులు పీకి తిరగేసినా పనికొస్తుంది. అట్టపెట్టె కూడా బాగానే వేడి ఆపుతుంది కానీ తడిసిన రోజే మార్చాలి. తలుపులు రెండు పెట్టండి, గాలి రాని వైపు, పక్కపక్కన. ఒకటే తలుపు ఉంటే గట్టిది లోపల కూర్చుని బలహీనమైన దాన్ని రానివ్వదు, పొద్దున చూస్తే అది బయట వణుకుతూ ఉంటుంది.

పెట్టె అడుగున పాత పేపర్లు ఏడెనిమిది పొరలు, దానిమీద మెత్తటి గడ్డి జానెడు లోతు తగ్గకుండా. దూరి కప్పుకునేలా ఉండాలి, పరిచినట్టు పల్చగా ఉంటే లాభం లేదు. ఇక్కడ మనకు దొరికే అదృష్టం వరిగడ్డి. దాని పుల్లలు లోపల బోలుగా ఉంటాయి, ఆ బోలులో నిలిచిన గాలే వేడిని పట్టి ఉంచుతుంది. పల్లెలో ఎవరినడిగినా ఒక మోపు ఇస్తారు. కానీ గరుకు పుల్లలు, కొసలు ఏరేయండి, కంట్లో గుచ్చుకుంటే పుండవుతుంది. వాములో లోపలి పొర నుంచి తీసింది చేత్తో నలిపి వాసన చూడండి. బూజు వాసన వచ్చినా, దుమ్ము లేచినా వద్దు. తెచ్చాక రెండు రోజులు మంచి ఎండలో ఎండబెడితే పురుగులు కూడా చాలావరకు పోతాయి.

సామిల్లు రంపపు పొట్టు, ఊక వేయకండి, ఆ నుసి ముక్కుల్లోకి పోతుంది. పాత టవళ్లు, దుప్పటి ముక్కలు చూడ్డానికి వెచ్చగా ఉంటాయి కానీ మూత్రం పీల్చి తడిగానే ఉండిపోతాయి, పైగా దారాలు కాళ్లకు చుట్టుకుంటాయి. ఫ్లీస్ గుడ్డ అయితే తడిని కిందికి వదిలేస్తుంది కాబట్టి పీల్చే గుడ్డ మీద పైపొరగా వేయొచ్చు.

రోజూ పొద్దున ఒక పని చేయండి. అవి లేచి బయటికి వచ్చాక మీ చేతిని వెనక్కి తిప్పి, వేళ్ల వెనక భాగం గడ్డి అడుగుదాకా పోనివ్వండి. అరచేయి మోసం చేస్తుంది, పనిచేసే చేతికి సన్నటి తడి తెలియదు. వెచ్చగా, పొడిగా తగిలితే గూడు బాగున్నట్టు. చల్లగా జిగురుగా తగిలితే ఆ చోటు గడ్డి, కింద పేపరుతో సహా తీసి కొత్తది పెట్టాలి. అవి ఎక్కువగా ఒకటి రెండు మూలల్లోనే మూత్రం పోస్తాయి కాబట్టి రోజూ ఆ మూలలు, మూడు రోజులకోసారి మొత్తం మారిస్తే సరిపోతుంది. వంగి ముక్కు దగ్గర పెట్టి చూడండి. మీకు ఘాటు తగిలిందంటే నేలకు అంగుళం ఎత్తులో ఊపిరి పీల్చే వాటికి ఎంత తగులుతుందో!

నాలుగో అడుగు: మేత, నీళ్లు

రాత్రంతా పొట్టలో గడ్డి అరుగుతూ ఉంటే దానివల్ల కూడా ఒంట్లో వేడి పుడుతుంది, అందుకే సాయంత్రం మూసే ముందు ఎండుగడ్డి బుట్ట నిండా కుక్కి పెట్టండి. తిమోతీ గడ్డి ఆన్‌లైన్‌లో వస్తుంది, ఖరీదెక్కువ. నేను మందులు కొట్టని చోట గరిక కోయించి, నీడలో ఆరబెట్టి నిల్వ చేసుకుంటాను, ఇష్టంగా తింటాయి. వరిగడ్డి పడకకే, మేతకు కాదు, అందులో పస తక్కువ. లూసర్న్ (పశువులకు వేసే పచ్చిమేత) ఎదిగిన వాటికి రోజూ వేస్తే కాల్షియం ఎక్కువై మూత్రంలో రాళ్లు వస్తాయి. లేత జొన్న చొప్ప అసలొద్దు, పశువులకే విషమెక్కుతుందని మేపరు కదా. ఆకలేస్తుందేమోనని అన్నం, చపాతీ, తవుడు పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆపండి, పొట్ట ఉబ్బి చనిపోతాయి.

మనుషుల్లాగే వీటి ఒంట్లో కూడా విటమిన్ సి తయారవదు. ఒక్కోదానికి రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, అది తగ్గితే జబ్బులు తట్టుకునే శక్తి పోయి జలుబు న్యుమోనియా దాకా పోతుంది. రోజూ పావు క్యాప్సికం, కాస్త కొత్తిమీర, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క. ఫ్రిజ్‌లోంచి తీసినవి గంట బయట ఉంచి పెట్టండి. నీళ్లలో కలిపే విటమిన్ చుక్కల మీద ఆధారపడకండి, వెలుతురుకు దాని బలం త్వరగా పోతుంది, పైగా రుచి మారిందని నీళ్లు తాగడం తగ్గిస్తాయి. నీళ్లు పొద్దున సాయంత్రం గోరువెచ్చగా పోయండి, సీసా గొట్టం చివరి గోళీ తిరుగుతోందో లేదో వేలితో నొక్కి చూడండి.

ఐదో అడుగు: మరీ చలిగా ఉన్న రాత్రి

లోపలికి తేవడమే మేలు. వరండా గదో, స్టోర్ రూమో, గాలి కొట్టనిదై ఉండాలి, వంటింటి పొగ రాకూడదు. హీటర్ ఉన్న గదిలోకి ఒక్కసారిగా తెచ్చి పొద్దున మళ్లీ మంచులోకి పంపకండి, ఎండ వచ్చాకే బయటికి.

లోపలికి తేలేని పరిస్థితి ఉంటే వేడినీళ్ల సంచి. మరిగే నీళ్లు కాదు, చెయ్యి పెట్టగలిగేంత వేడివి పోసి, మూత గట్టిగా బిగించి, రెండు పొరల టవల్ చుట్టి పెట్టెలో ఒక మూలన పెట్టండి. వేడెక్కువైతే జరిగి కూర్చునే చోటు మిగలాలి. ఒక సంగతి చాలామంది గమనించరు. పది గంటలకు పెట్టిన సంచి నడిరాత్రి దాటితే చల్లారిపోతుంది, అసలు చలి నాలుగు నుంచి ఆరు మధ్య. చల్లారిన సంచి అప్పుడు వాటి వేడినే లాగేసుకుంటుంది. కాబట్టి పెడితే నడిరాత్రి లేచి మార్చాలి, లేచే ఓపిక లేకపోతే పెట్టకుండా ఇంకో జానెడు గడ్డి వేయడం మంచిది.

గూట్లో బల్బు వేలాడదీయొద్దు, కోడిపిల్లలకు చేస్తారని ఇక్కడ చేస్తే ఎండుగడ్డికి నిప్పంటుకుంటుంది. కరెంటు ప్యాడ్ వైరు కొరుకుతాయి. కుంపటి, బొగ్గులు అసలే వద్దు, మూసిన చోట ఆ పొగకు మనుషులే చనిపోతున్నారు. దోమల కాయిల్, సాంబ్రాణి కూడా గూటి దగ్గర పెట్టకండి. భోగి రోజు తెల్లవారుజామున వీధిలో మంటలు వేస్తే పొగంతా పెరట్లోకి దిగుతుంది, నేను ముందు రోజు రాత్రే వాటిని లోపలి గదిలోకి తెచ్చేస్తాను.

చలికాలంలో స్నానం చేయించకండి. ఒళ్లు మురికైతే గోరువెచ్చటి తడిగుడ్డతో ఆ చోటు తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఒళ్లో పెట్టుకోండి.

ఆరో అడుగు: జబ్బును ముందే పట్టుకోవడం

వారానికోసారి వంటింటి కాటా మీద గిన్నె పెట్టి తూచి రాసుకోండి. ఎదిగినది 700 నుంచి 1200 గ్రాముల దాకా ఉంటుంది. వారంలో 50 గ్రాములు తగ్గితే గమనించాలి, 100 తగ్గితే డాక్టర్ దగ్గరికి పోవాలి. ఇవి జబ్బును దాచుకుంటాయి, కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది, కాటా మాత్రం దాచదు.

బొచ్చు లేపుకుని ముద్దలా కూర్చోవడం, చెవులు చల్లగా ఉండటం, ముక్కు చుట్టూ పెచ్చు, ఊపిరిలో చప్పుడు, పెంటికలు చిన్నవైపోవడం లేదా ఆగిపోవడం, ఇందులో ఏది కనిపించినా ఆ రోజే చూపించాలి. సగం రోజు ఏమీ తినలేదంటే అత్యవసరమే, పేగుల కదలిక ఆగిపోతుంది.

ముట్టుకుంటే చల్లగా, వాలిపోయి ఉంటే ముందు పొడి టవల్‌లో చుట్టి మీ పొట్టకు ఆనించుకోండి, పక్కన గుడ్డ చుట్టిన గోరువెచ్చటి సీసా పెట్టండి. నెమ్మదిగా వెచ్చబడాలి, వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రైయర్ కొట్టడం చేయొద్దు. ఒళ్లు వెచ్చబడి తల ఎత్తేదాకా నోట్లో ఏమీ పోయకండి. అలా ఒళ్లో పెట్టుకునే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

ఒక్కటి మాత్రం దండం పెట్టి చెబుతున్నాను. ఇంట్లో పిల్లలకు వాడగా మిగిలిన అమోక్సిసిలిన్ సిరప్ వేయకండి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే వీటి పొట్టలో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా చచ్చి, చెడ్డవి పెరిగి, కొన్ని రోజుల్లోనే ప్రాణం పోతుంది. మన చిన్న ఊళ్లలో పశువైద్యులు ఎక్కువగా గేదెలు, మేకలే చూస్తారు కాబట్టి వెళ్లినప్పుడు "ఇది గినీ పిగ్ అండి, పెన్సిలిన్ పడదట కదా" అని మర్యాదగా ముందే గుర్తుచేయండి, ఏమీ అనుకోరు. ఏ ఊళ్లో ఏ డాక్టర్ చిన్న జంతువులు చూస్తారో నవంబర్‌లోనే కనుక్కుని నంబర్ రాసి గూటి తలుపు మీద అతికించుకోండి, అర్ధరాత్రి వెతుక్కోవద్దు.

చలి తగ్గాక

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, మా దగ్గర అంతకుముందే పగళ్లు ముదురుతాయి. అన్నీ ఒక్కసారిగా తీయకండి, థర్మామీటర్‌లో రాత్రి కనిష్ఠం వారం పాటు 15 పైన నిలిచాక ముందు వేడినీళ్ల సంచి, తర్వాత పక్కల పట్టా, చివర సగం గడ్డి తీయండి. పట్టాను ఎండలో రెండు వైపులా ఆరబెట్టి మడవండి, తడితో మడిస్తే వచ్చే ఏడు బూజుతోనే విప్పుతారు. తీసిన గడ్డి పెంటికలతో సహా మేం అరటి పాదులో వేస్తాం. బెల్లానికి ఇప్పుడు మూడేళ్లు, పాదు తవ్వుతుంటే జాలీ దగ్గరికొచ్చి వీక్ వీక్ మని క్యాప్సికం అడుగుతూ ఉంటుంది.